నీళ్ళు రాని వంతు

మన చెరువుల కింద నీరుగంటి ఉండేవాడు. ఇవాళ ఎవరి మడికి నీళ్ళు, ఎంతసేపు, ఎవరి తర్వాత ఎవరు అన్న లెక్కంతా ఆయన తలలోనే ఉండేది. వంతు వచ్చిన రైతు పార భుజాన వేసుకుని గట్టు మీద నిలబడితే నీళ్ళు రావలసిందే. రాకపోతే పొద్దు గుంకేలోపు నీరుగంటి వాకిట్లో పంచాయితీ. నాగరగెరె నుంచి బాగేపల్లి మీదుగా చింతామణి దాకా ఈ చెరువుల సీమలో ఇప్పుడా మనిషి కనబడడు. ఆ మాట కూడా ముసలివాళ్ళ నోటనే మిగిలింది. వంతుల పద్ధతి మాత్రం ఇంకోచోట బతికే ఉంది. మీ ఊరి సర్కారీ హిరియ ప్రాథమిక శాలకు పోయి, హెడ్మేష్ట్రు గదిలో గోడకు అంటించిన వేళాపట్టి చూడండి. ఆరు, ఏడు తరగతుల వరసల్లో చిత్రకళ, సంగీతం, కార్యానుభవం, తోటపని అని వంతులు వేసి ఉంటాయి. స్కేలు పెట్టి గళ్ళు గీసి, ఎర్రసిరాతో రాసిన ఆ కాగితం చూడటానికి ముచ్చటగా ఉంటుంది. ఆ వంతు వచ్చిన రోజున ఏం జరుగుతుందో పిల్లల్నే అడగండి. లెక్కల మేష్ట్రు మిగిలిపోయిన లెక్కలు చేయిస్తాడు. లేదంటే మిస్సు రికార్డులు నింపుకుంటూ ఉంటే పిల్లలు గలాటా చేయకుండా కూచుంటారు. అదీ కాదంటే వరండా ఊడుస్తారు. దాని పేరు కార్యానుభవం.

ఇంతవరకే అయితే మేష్ట్రులు తక్కువ, ఏం చేస్తాం అని సర్దుకుపోవచ్చు. సర్దుకోలేని సంగతి ఏడాది చివర వస్తుంది. ప్రగతి పత్రంలో చిత్రకళకు ఎ, సంగీతానికి బి, కార్యానుభవానికి మళ్ళీ ఎ అని అక్షరాలు పడతాయి. కింద సంతకం, పక్కన సీలు. నీళ్ళు పారని మడికి దిగుబడి లెక్క కట్టి, కందాయం పుస్తకంలో ఎక్కిస్తున్నారన్నమాట. చెప్పని పాఠానికి గ్రేడు వేయించడం అబద్ధం రాయించడమే. ఆ అబద్ధాన్ని ఏటా లక్షల గళ్ళలో రాయిస్తున్నది విద్యాశాఖ. రాసే చెయ్యి ఒక ఊరి టీచరమ్మది కాబట్టి నేరం ఆమెదిగా కనబడుతుంది. ఆమెకు ఖాళీ గడి వదిలే అధికారం లేదు.

ఆ గడి ఎలా నిండుతుందో అందరికీ తెలుసు. కర్ణాటక బడుల్లో నిరంతర మూల్యాంకనం కింద ఏటా ఎఫ్‌ఎ అనే చిన్న మూల్యాంకనాలు నాలుగు, ఎస్‌ఎ అనే పెద్ద మూల్యాంకనాలు రెండు ఉంటాయి. భాషలు, గణితం, విజ్ఞానం, సమాజం ఎ భాగం. కళలు, ఆటలు, పని, విలువలు బి భాగం. ఎ భాగానికి ప్రశ్నపత్రాలు, జవాబు పత్రాలు, తనిఖీ ఉంటాయి. బి భాగానికి ఆధారం టీచరు జ్ఞాపకశక్తి ఒక్కటే, జ్ఞాపకం పెట్టుకోవడానికి తరగతే జరగలేదు. అప్పుడు చెయ్యి తనంతట తాను లెక్కల మార్కు వైపు జారుతుంది. చురుకైన పిల్ల కాబట్టి బొమ్మలు కూడా బాగానే వేస్తుంది లే అని ఎ. వెనక బెంచీ పిల్లవాడికి బి. సి వేస్తే ఎందుకని తండ్రి అడుగుతాడు, అందరికీ ఎ+ వేస్తే తనిఖీకి వచ్చినాయన అడుగుతాడు. నడుమనున్న అక్షరాలను ఎవరూ అడగరు. మన్ను ముద్దతో ఎద్దును చేస్తే కొమ్ముల వంపు కూడా తప్పకుండా చేయగల పిల్లవాడు ఆ వెనక బెంచీలోనే ఉండవచ్చు. బడి వాడికి మన్ను ఇవ్వలేదు, బి మాత్రం ఇచ్చింది.

చట్టం ఈ పీరియడ్లను మరిచిపోలేదు. 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం షెడ్యూలు తీసి చూస్తే అన్నీ ఉన్నాయి. ఆరు నుంచి ఎనిమిది తరగతులకు ఏడాదికి 220 పనిదినాలు, 1000 బోధన గంటలు. తరగతికి ఒకరికి తక్కువ కాకుండా, విజ్ఞానం-గణితానికి, సమాజశాస్త్రానికి, భాషలకు ఒక్కొక్కరు వచ్చేలా ఉపాధ్యాయులు. 35 మంది పిల్లలకు కనీసం ఒకరు. ఆపైన అసలు వాక్యం వస్తుంది: పిల్లల సంఖ్య నూరు దాటితే పూర్తికాలపు హెడ్మాస్టరుతో పాటు కళావిద్యకు, ఆరోగ్య వ్యాయామ విద్యకు, పనివిద్యకు పార్ట్‌టైం బోధకులు ఉండాలి.

నూరు దాటితే. ఈ రెండు మాటల్లో మన పల్లె బడుల కథ ముగిసిపోయింది. చట్టం దృష్టిలో ఆరు, ఏడు, ఎనిమిది కలిసి ఒక మెట్టు. కర్ణాటకలో చాలా ఊళ్ళలో ప్రాథమిక శాల ఏడుతో ఆగిపోతుంది, ఎనిమిది హైస్కూలు గడపలో మొదలవుతుంది. కొన్ని బడులకు ఎనిమిదో తరగతి అతికించారు గానీ అన్నింటికీ కాదు. అంటే చట్టం మూడు తరగతులను కలిపి నూరు లెక్క పెట్టమంటే, ఇక్కడ రెండే తరగతుల్లో నూరు దాటాలి, తరగతికి యాభై మందికి పైగా ఉండాలి. హోబళి కేంద్రాల్లో, తాలూకా పట్నాల్లో ఏమో గానీ, పొద్దున్నే పసుపుపచ్చ వ్యాను వచ్చి సగం మంది పిల్లల్ని కాన్వెంటుకు ఎత్తుకుపోయే పల్లెల్లో అది జరిగే పనేనా? నూటొకటో పిల్లవాడు చేరేదాకా డ్రాయింగు మేష్ట్రు రాడు. డ్రాయింగు మేష్ట్రు లాంటివాళ్ళు ఉంటే వ్యాను ఎక్కే పిల్లలు కొందరైనా ఆగేవారన్న సంగతి ఏ షెడ్యూలూ లెక్క వేయదు. బోధకుణ్ణి అడగడానికి వీలులేని బడికీ ప్రగతి పత్రం అదే అచ్చు. కళ అనే గడి అందులోనూ ఉంది. మనిషిని ఇవ్వడానికి నూరు మంది కావాలి, గ్రేడు అడగడానికి ఒక్కరు చాలు.

మార్కుల మీద ఈ ప్రభుత్వాలకున్న పట్టుదల చిన్నదేమీ కాదు. ఐదు, ఎనిమిది, తొమ్మిది తరగతులకు బోర్డు తరహా పరీక్ష పెట్టాలా వద్దా అని కర్ణాటకలో ఎంత పోరు నడిచిందో గుర్తుంది గదా. 2024 మార్చిలో హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం వద్దంది, అదే నెలలో ద్విసభ్య ధర్మాసనం సరేనంది, ఏప్రిల్ 8న సుప్రీంకోర్టు ఫలితాలు ప్రకటించవద్దని ఆపింది. నడుమ కొన్ని పరీక్షలు రాసి, కొన్ని ఆగి, మళ్ళీ రాసి పిల్లలు కాలు కాలిన పిల్లుల్లా తిరిగారు. ఒక పరీక్ష కోసం ఢిల్లీ దాకా పోయే ఓపిక ఉన్న శాఖ, ఒక్క సంగీతం టీచరు కోసం పక్క ఊరి దాకా పోలేదు. మనమూ పోలేదు. బడి కమిటీ అయిన ఎస్‌డిఎంసి సమావేశంలో ఇంగ్లీషు ఎప్పటినుంచి చెబుతారని అడిగే తండ్రి, మా పిల్లకు బొమ్మలు ఎవరు నేర్పుతున్నారని అడిగినట్టు ఎక్కడా వినలేదు. ఎస్‌ఎస్‌ఎల్‌సిలో 625కు ఎన్ని అన్నదే మన ఇళ్ళలో ఏడో తరగతి నుంచీ జపం. చదువంటే అదేనని మనకు నేర్పిందీ ఈ బడే కాబట్టి తప్పు ఎవరిదని పంచుకోవడం కష్టం.

చేతిపని పీరియడు కొత్త వేషమేమీ కాదు. 1937 అక్టోబరులో వార్ధాలో గాంధీ పిలిచిన సభ తర్వాత జాకిర్ హుసేన్ కమిటీ ఒక దినచర్య రాసింది. అయిదున్నర గంటల బడిలో మూడు గంటల ఇరవై నిమిషాలు వృత్తిపనికే. సంగీతం, చిత్రలేఖనం, లెక్కలు మూడింటికీ కలిపి 40 నిమిషాలు, మాతృభాషకు 40 నిమిషాలు. ఆ నిష్పత్తి మనకు వద్దు. లెక్కలకు అంత తక్కువ సమయమిస్తే ఈనాటి పిల్లలు నష్టపోతారు. కానీ ఆ మూడు గంటల ఇరవై నిమిషాలు అక్కడ నుంచి కరుగుతూ కరుగుతూ ఎలా వచ్చాయో చూడండి. 1964-66 కొఠారీ కమిషన్ కార్యానుభవం అంది, 1977లో ఈశ్వర్‌భాయ్ పటేల్ కమిటీ సమాజోపయోగ ఉత్పాదక కార్యం అంది. పేరు పొడుగైన కొద్దీ పీరియడు పొట్టిదైంది. చివరికి మన వేళాపట్టిలో వారానికొక నలభై నిమిషాలుగా, అదీ సాయంత్రం ఆఖరి గంటలో, బ్యాగులు సర్దుకునే చప్పుడు నడుమ మిగిలింది. 2020 జాతీయ విద్యావిధానం ఆరు నుంచి ఎనిమిది లోపల వడ్రంగం, కరెంటు పని, తోటపని, కుండలు చేయడం వంటివి రుచి చూపించాలంది, పది రోజులు సంచీ లేకుండా పిల్లలు స్థానిక పనివాళ్ళ దగ్గర గడపాలంది. కర్ణాటక ఆ విధానాన్ని వద్దని, సొంత విధానం కోసం సుఖదేవ్ థోరాట్ అధ్యక్షతన కమిషన్ వేసింది. వద్దనుకోవడానికి రాష్ట్రానికి కారణాలుండవచ్చు. వడ్రంగం మీద మాత్రం ఏ పార్టీకీ పగ ఉన్నట్టు లేదు. నెలకొక శనివారం సంచీ లేని సంభ్రమ శనివారమని ఈ రాష్ట్రమే పెట్టుకుంది కూడా. నెలకొక పూట సంభ్రమంతో ఏ చెయ్యీ ఏ పనీ నేర్చుకోదు.

ఇక్కడ ఒక భయాన్ని దాటవేయకూడదు. బడిలో వృత్తిపని అనగానే, కుమ్మరి పిల్లవాణ్ణి మళ్ళీ సారె దగ్గరికే తోస్తారా అని అడిగే హక్కు చాలామందికి ఉంది. 1953లో మద్రాసు రాష్ట్రంలో రాజాజీ ప్రభుత్వం పల్లె బడుల పొద్దును మూడు గంటలకు కుదించి, మిగతా పూట పిల్లలు ఇంటి వృత్తి నేర్చుకోవాలంది. కులవిద్య అని జనం దానికి పేరు పెట్టి తిరగబడ్డారు. 1954లో కామరాజు ముఖ్యమంత్రి కాగానే దాన్ని ఎత్తేశాడు, మంచి పని చేశాడు. వంతుల పద్ధతికున్న అసలు బలం ఇక్కడే కనబడుతుంది. వంతు అంటే అందరికీ అన్నీ. తొమ్మిది వారాలు మన్ను, తొమ్మిది వారాలు సూదిదారం, తొమ్మిది వారాలు పాట, తొమ్మిది వారాలు రంపం. పూజారిగారి మనవడు మన్ను పిసకాలి, మాదిగ ఇంటి పిల్ల తంబూర శ్రుతి చేయాలి, రెడ్డిగారి కొడుకు గుండీ కుట్టాలి, మగపిల్లలు పొయ్యి వెలిగించి సంగటి కెలకాలి. ఎవరి వృత్తి వాళ్ళకే అన్న పాత కట్టడిని బడి విడగొట్టగలిగేది ఇలా చేతులు మార్చినప్పుడే. ఉపన్యాసాలతో విడగొట్టాలని చూసిన బడుల్లో కులం అంగుళం కదలలేదు. వరండా ఊడిచే కార్యానుభవంలో కూడా ఏ పిల్లల చేతికి చీపురు ముందు వెళుతుందో చెప్పనక్కరలేదు.

ఈ సీమకు ఇంకో బాధ కూడా ఉంది. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ. మన పిల్లలు రెండూ నేర్చుకుంటారు, నేర్చుకోవాలి కూడా, ఎవరికీ అందులో ఆక్షేపణ లేదు. అయితే ఆరో తరగతిలో సమాజ పాఠం దగ్గర నోరు పెగలని పిల్లకు, మాటతో పని లేకుండా తన తెలివి చూపించుకోగల చోటు ఈ బి భాగం పీరియడ్లే. సూది ఏ భాషా అడగదు. ఆ నలభై నిమిషాలూ కాజేస్తే ఆ పిల్ల తెలివి బడికి ఎన్నటికీ తెలియదు. ఇక సంగీతం మాట. కైవారం తాతయ్య తెలుగులోనూ కన్నడలోనూ కీర్తనలు కట్టినవాడు. చింతామణి తాలూకాలో ఆయన పాట రెండు భాషల గడపలూ తొక్కుతుంది. సంగీతం వంతు నిజంగా నడిస్తే, కన్నడ మేష్ట్రూ తెలుగు ఇంటి అవ్వా ఒకే పాట నేర్పగల జిల్లా ఇది. ఊరి భజన గుంపులో తాళం వేసే పెద్దమనిషిని వారానికి రెండు పూటలు పిలిచి గౌరవంగా కూలి ఇస్తే చాలు. ఆయనకు సర్టిఫికెట్ లేదంటారు. గ్రేడు వేస్తున్న లెక్కల మేష్ట్రుకు మాత్రం సంగీతంలో సర్టిఫికెట్ ఉందా?

నేర్చుకోవడానికి ఇక్కడ ఏం తక్కువ? సిడ్లఘట్టలో పట్టుగూళ్ళ మార్కెట్టు, దారం తీసే ఇళ్ళు ఉన్నాయి. చింతామణిలో టమోటా మండీ. గౌరీబిదనూరు దగ్గర 1976 నుంచి సూర్యుడి రేడియో తరంగాలను వింటున్న వేధశాల. పొలాల నడుమ ఆ యాంటెన్నాల వరసను బస్సులోంచి చూసి దోసపాదుల పందిరనుకునే పిల్లలు ఎందరో. ముద్దేనహళ్ళిలో పుట్టిన విశ్వేశ్వరయ్య పటానికి ఏటా సెప్టెంబరు 15న దండ వేస్తాం. దండ వేసే పిల్లవాడు బడిలో ఒక్కసారైనా స్క్రూడ్రైవరు పట్టుకుని ఉండడు. గౌరీబిదనూరు తాలూకా హొసూరులో పుట్టి 1935లో చదువు కోసం బెంగళూరుకు నడిచివెళ్ళిన హెచ్. నరసింహయ్య, తర్వాత గౌరీబిదనూరు, బాగేపల్లి పిల్లల కోసం కాలేజీలు తెచ్చాడు. ఏదైనా సరే ప్రశ్నించి గానీ నమ్మవద్దని బతుకంతా చెప్పాడు. కార్యానుభవానికి ఎ వచ్చిన పిల్లను పిలిచి, ఏం చేస్తే వచ్చిందమ్మా అని అడిగితే చాలు, ఆ పిల్ల తెల్లమొహం వేస్తుంది.

వంతుల తరగతులు డబ్బున్న చోట సాఫీగా నడుస్తాయనుకోవడం కూడా పొరపాటే. అమెరికాలో 1909లో ఒహాయో రాష్ట్రపు కొలంబస్‌లో మొదటి జూనియర్ హైస్కూలు పుట్టినప్పటి నుంచి, ఆ వయసు పిల్లలకు నాలుగు రుచులూ చూపించాలన్న ఆలోచన ఉంది. ఇప్పటికీ చాలా బడుల్లో ఆరో తరగతి పిల్లలు తొమ్మిదేసి వారాల చొప్పున బొమ్మలు, కంప్యూటరు, వంట, నాటకం తిరుగుతారు. దాన్ని వాళ్ళు చక్రం అంటారు. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మన బంధువుల పిల్లల్ని అడిగితే చెబుతారు. అక్కడి తగువు వేరు. తొమ్మిది వారాలకొకసారి గుంపు మారుతుంది కాబట్టి, ఆ టీచరుకు పిల్లల పేర్లు వచ్చేసరికి వాళ్ళు వెళ్ళిపోతారు. పనిని చూసి గ్రేడు వేసే వ్యవధి లేక, వేళకు వచ్చాడా, అల్లరి చేయలేదా అన్నదానికే గ్రేడు పోతుంది. అక్కడ తరగతి జరిగి గ్రేడు తేలిపోతుంటే, ఇక్కడ తరగతి జరగకుండానే గ్రేడు స్థిరంగా ఉంది. రెండు చోట్లా మూలం ఒకటే: ఏడాది పొడుగునా సాగే లెక్కల కోసం కుట్టిన చొక్కాను, రెండు నెలల పనికి తొడుగుతున్నారు.

ఆ చొక్కా ఎందుకు పట్టదో కాస్త నిదానంగా చూద్దాం. లెక్కల్లో జూన్‌లో భిన్నాలు రాని పిల్ల ఫిబ్రవరికి నేర్చుకుంటుంది. నాలుగు ఎఫ్‌ఎల్లో ఆ ఎదుగుదల కనిపిస్తుంది. వంతుల చదువులో అలా ఉండదు. తొలి తొమ్మిది వారాలు కుట్టుపనిలో వేళ్ళు పొడుచుకుని ఏడ్చిన పిల్ల, మలి తొమ్మిది వారాల్లో వడ్రంగంలో కూచునే పీట చేసి చూపింది అనుకోండి. పత్రంలో కార్యానుభవం అన్న గడి ఒక్కటే. సి, ఎ+ రెండూ కలిపి నడుమ కొడితే బి+ వస్తుంది. ఆ బి+ కుట్టు గురించీ అబద్ధమే, పీట గురించీ అబద్ధమే. ఏ వంతులో వచ్చినది గ్రేడుగా వేయాలో శాఖ సర్క్యులరు ఎక్కడా విడమరిచి చెప్పదు, గడి నింపమని మాత్రం చెబుతుంది. ఇక తొమ్మిది వారాల అంచున ఉన్న ఎఫ్‌ఎ తేదీ వచ్చేసరికి ఒక గుంపు వంతు ముగించి ఉంటుంది, ఇంకో గుంపు మొదలే పెట్టి ఉండదు. రెండో గుంపుకు కూడా అక్షరం పడాల్సిందే. లేని దిగుబడికి తూకం.

అక్షరం లేకుండా పిల్లల పనిని రాయడం ఈ రాష్ట్రానికి రాదా అంటే, బాగా వచ్చు. మదనపల్లె దగ్గరి ఋషివ్యాలీ బడుల్లో పిల్లలు ఎవరి వేగంతో వాళ్ళు మెట్లెక్కే పద్ధతిని మైసూరు జిల్లా హెచ్.డి. కోటె మేష్ట్రులు 1995లో పోయి చూసివచ్చారు. అందులోంచి పుట్టిందే నలి-కలి. చిన్న తరగతుల్లో పిల్ల ఏ మెట్టు మీద ఉంది, ఏ కార్డు చేసింది అన్నదే అక్కడ రాతపని. మా సరిహద్దు అవతల పది ఊళ్ళ దూరంలో పుట్టిన ఆలోచనను రాష్ట్రమంతా మూడో తరగతి దాకా నడిపించినవాళ్ళు, ఆరో తరగతికి వచ్చేసరికి అంతా మరచిపోయి ఎ, బి, సి అంటున్నారు.

మరి వేళాపట్టి ఎలా ఉండాలి? మా లెక్క ఇది, తప్పుంటే దిద్దండి. 220 దినాలంటే ఆరేసి దినాల వారాలు ఇంచుమించు 36. నాలుగు తొమ్ములు 36. క్లస్టరులో దగ్గరదగ్గరగా ఉన్న నాలుగు బడులను ఒక జట్టుగా కట్టండి. నాలుగింటి ఆరు, ఏడు తరగతుల పిల్లలను కలిపి లెక్కిస్తే చట్టం అడిగిన నూరు చాలాచోట్ల దాటుతుంది. ఆ జట్టుకు బొమ్మల మనిషి, పాట మనిషి, కుట్టు మనిషి, వడ్రంగం-కరెంటు మనిషి, నలుగురు పార్ట్‌టైం బోధకులు. ఒక్కొక్కరు ఒక్కో బడిలో తొమ్మిది వారాలు ఉండి, పక్క బడికి జరుగుతారు. పిల్లలు కదలరు, వంతు బోధకులది. వారానికి తరగతికి రెండు జంట పీరియడ్లు, అంటే ఎనభై నిమిషాలు రెండుసార్లు. ఒంటి పీరియడు మన్ను తడిపి చేతులు కడుక్కోవడానికే సరిపోతుంది. తొమ్మిది వారాలకు 24 గంటలు, నాలుగు వంతులకు 96 గంటలు. చట్టం చెప్పిన వెయ్యి గంటల్లో నూరు కూడా కావు. బోధకుడికి ఒక బడిలో వారానికి నాలుగు జంట పీరియడ్లే కాబట్టి పార్ట్‌టైం అన్న మాటకూ న్యాయం జరుగుతుంది. క్లస్టరు బడులను చూసే సి.ఆర్.పి. రోజూ బైకు మీద తిరిగే దారే అది. ఆటలను మాత్రం ఈ చక్రంలో కలపవద్దు. తొమ్మిది వారాలు పరుగెత్తి ఇరవై ఏడు వారాలు కూచోమనే వంతు పిల్లల ఒంటికి పనికిరాదు.

సంగీతం వాళ్ళు ఒప్పుకోరు, తెలుసు. సరళీ వరసలు గొంతులో పడేసరికి బోధకుడు పక్క ఊరికి పోతే మళ్ళీ మొదటికే కదా అంటారు. న్యాయమైన మాటే. అందుకే ఆరో తరగతిలో నాలుగూ రుచి చూసిన పిల్లలకు, ఏడులో రెండింటిని ఎంచుకునే వీలుండాలి. అప్పుడు పద్దెనిమిదేసి వారాలు దొరుకుతాయి. ఐచ్ఛికం అన్న మాటను సర్క్యులర్లలో ఇన్నేళ్ళుగా రాస్తున్నారు, ఇచ్ఛ ఏమిటని పిల్లల్ని అడిగే మొదటి సందర్భం అదే అవుతుంది. నచ్చినది చిన్న బడిలో దొరకకపోతే ఆ రెండు పూటలు పక్క బడికి నడిచిపోవచ్చు. లోయర్ గ్రేడు డ్రాయింగు పరీక్షకు కట్టాలనుకునే పిల్లకు ఏడులోనే దారి దొరుకుతుంది.

గ్రేడు సంగతి. ఆరో తరగతిలో ఈ నాలుగింటికీ అక్షరమే వద్దు. ఏం చేసింది, ఎక్కడ తడబడింది, రెండు వరసలు రాస్తే చాలు: ‘పీట చేసింది, కాళ్ళు సమంగా రావడానికి మూడుసార్లు కోసింది.’ ఏ తండ్రైనా చదివి నవ్వుకుని, బీరువాలో దాచుకునే మాట అది. ఏడులో ఎంచుకున్న రెండింటికి గ్రేడు వేయవచ్చు, వేసేది మాత్రం నేర్పిన మనిషే, తక్కువలో తక్కువ ఇరవై గంటలు నేర్పి ఉండాలి. పిల్ల ఎనిమిదికి హైస్కూలు మారినప్పుడు టీసీతో పాటు ఆ రెండేళ్ళ బొమ్మలు, కుట్టిన గుడ్డ, రాసిన రెండేసి వరసలు ఒక సంచీలో వెంట పోవాలి. ఇప్పుడు పోతున్నది ఆధార్ నకలు ఒక్కటే.

ఇవన్నీ డబ్బుతో పని, బడ్జెట్ కావాలి అంటారు. కావాలి. అది వచ్చేదాకా పైసా ఖర్చు లేని పని ఒకటి రేపే చేయవచ్చు. తరగతి జరగని చోట ఆ గడిలో ‘బోధన జరగలేదు’ అని రాసే హక్కు టీచరుకు ఇవ్వండి. ఒక్క సర్క్యులరు చాలు. సంవత్సరం చివర జిల్లాలో అలాంటి గళ్ళు ఎన్నున్నాయో లెక్క తీస్తే, ఎంతమంది బోధకులు కావాలో జిల్లా విద్యాశాఖ డిడిపిఐ కార్యాలయానికి ఏ సర్వే లేకుండానే తెలుస్తుంది. ఈ సర్క్యులరు రాదనే మా అనుమానం. అందరికీ ఎ, బి ఉన్న జిల్లా, సభల్లో చూపించుకోవడానికి బాగుంటుంది.

మే నెలాఖరుకు బడులు తెరుస్తారు. కొత్త వేళాపట్టి గీసేది ఆ వారమే. బడి అభివృద్ధి ప్రణాళికను రాసే అధికారం విద్యాహక్కు చట్టం 22వ సెక్షను బడి కమిటీకి, అంటే మన ఎస్‌డిఎంసికి ఇచ్చింది. అందులో కూచున్న తల్లులూ తండ్రులూ ఈసారి ఒక కాగితం తీసుకుపోండి. చిత్రకళ, సంగీతం, కార్యానుభవం అన్న ప్రతి గడి పక్కన నేర్పే మనిషి పేరు, ఏ వారం నుంచి ఏ వారం దాకా అన్నది రాయించండి. పేరు లేని గడి ఉంటే దాన్ని ప్రణాళికలోకి ఎక్కించి, హెడ్మేష్ట్రు సంతకంతో తాలూకా విద్యాధికారి బిఇఒకు పంపి, అందినట్టు రసీదు తెచ్చుకోండి.